ముద్దాయి: ఒక మాట పక్షం మారిన వైనం

ఒకరిని తప్పుపట్టడానికి తెలుగువారు వాడే మాటలను ఒకచోట చేర్చి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం బరువుకో బంధానికో సంబంధించినవని తెలుస్తుంది. నేరం మోపుతారు, నింద వేస్తారు, తప్పు అంటగడతారు, పాపం నెత్తిన రుద్దుతారు. మోపడం అనే క్రియ మోయడానికి చుట్టం. కట్టెల మోపు అనే మాటలో ఉన్నదీ అదే. సంస్కృతం నుంచి వచ్చిన ఆరోపణ అనే మాటకు మూలమైన రుహ్ ధాతువుకు ఎక్కడం అని అర్థం కాబట్టి, ఆరోపించడమంటే ఎక్కించడం, ఒకదానిపై మరొకదాన్ని నిలపడం. వింటికి నారి ఎక్కించడమూ ఆరోపణమే. ముఖంపై చంద్రత్వాన్ని నిలిపి రూపకాలంకారం చెప్పేటప్పుడు ఆలంకారికులు వాడేదీ ఆరోపమనే మాటే. తాడుపై పామును ఊహించుకోవడాన్ని వేదాంతులు అధ్యారోపమని, ఆ భ్రమను తొలగించడాన్ని అపవాదమని అన్నారు. అభియోగంలో ఉన్నది కాడికి పూన్చడమనే అర్థం గల యుజ్ ధాతువు. ఉర్దూలో ఆరోపణకు వాడే ఇల్జాం అనే అరబీ మాటకు అంటిపెట్టుకునేలా చేయడమని మూలార్థం కావడం వల్ల, అది తెలుగు అంటగట్టడానికి దాదాపు సరిజోడు. ఈ మాటలన్నిటిలోనూ ఒకరు పైన పెట్టేవారు, మరొకరు మోసేవారు కనిపిస్తారు, ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులని మాటే చెబుతుంది.

ఇదే కుటుంబంలో రోజూ వినిపిస్తూ, దినపత్రికల్లో రోజూ అచ్చవుతూ, లోపల ఏముందో తెలుగు చెవికి ఏమాత్రం తెలియనివ్వని మాట ముద్దాయి. పోలీసు స్టేషన్లోనూ, కోర్టు వరండాలోనూ, రచ్చబండ దగ్గరా ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబీ, పారశీక, ఉర్దూ భాషల్లో మాత్రం ఇదే మాటకు నేరం మోపినవాడని, అంటే దావా తెచ్చినవాడని అర్థం. న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలబడే ఇద్దరిలో ఒకరి పేరు తెలుగులోకి వచ్చేసరికి రెండవవారికి అంటుకుంది. ఈ మార్పు ఎలా జరిగింది, దానివల్ల తెలుగువారి న్యాయభావనలో ఏది మరుగున పడింది అన్నవే ఈ ఉపన్యాసానికి విషయాలు.

మూలం దగ్గర మొదలుపెట్టాలంటే అరబీ భాష నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. ఆ భాషలో చాలా మాటలు మూడు హల్లుల ధాతువు నుంచి అచ్చుల మార్పుతోను, ముందు వెనుకల చేర్పులతోను పుడతాయి. దాల్, ఐన్, వావ్ అనే మూడు అక్షరాల ధాతువుకు పిలవడం అని అర్థం. దైవాన్ని పిలవడం దుఆ, అంటే ప్రార్థన. మనుషులను విందుకు పిలవడం దావత్. ఒక వస్తువు తనదని ఎలుగెత్తి చెప్పడం, దానిని తనవైపు పిలుచుకోవడం దావా. తెలంగాణలో ఇంట్లో శుభకార్యమైతే దావత్ ఇస్తారు, పొలం గట్టు తగాదా ముదిరితే దావా వేస్తారు. ఆ రెండూ ఒకే ధాతువు పిల్లలన్న సంగతి విందు పెట్టేవారికి గాని, వకీలును వెతుక్కునేవారికి గాని తట్టదు. ఈ ధాతువు నుంచే దావా చేసే మనిషిని తెలిపే ముద్దఈ అనే కర్తృరూపం, దావా ఎవరి మీద పడిందో వారిని తెలిపే ముద్దఆ అలైహి అనే పదబంధం పుట్టాయి. రెండవదానిలోని అలైహి అంటే ‘అతని మీద’ అని అర్థం.

ఈ ఇద్దరినీ వేరు చేయడానికి ఇస్లామీయ ధర్మశాస్త్రజ్ఞులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. హనఫీ సంప్రదాయంలోని గ్రంథాలు ఇచ్చే నిర్వచనం ఎంతో సూక్ష్మమైనది: వ్యాజ్యం వదిలి వెళ్లిపోదామనుకుంటే ఎవరిని అడ్డుకునేవారు ఉండరో అతడు ముద్దఈ, వెళ్లిపోదామనుకున్నా ఎవరిని బలవంతంగా నిలబెడతారో అతడు ముద్దఆ అలైహి. ఎవరు ముందు నోరు విప్పారన్నది గాని, ఎవరి పేరు కాగితంపై మొదట ఉందన్నది గాని ఇక్కడ కొలమానం కాలేదు. స్వేచ్ఛ ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే కొలమానమైంది. ఆ స్వేచ్ఛకు తగిన బాధ్యత కూడా శాస్త్రం ముద్దఈ మీదే పెట్టింది. రుజువు చూపవలసిన భారం దావా చేసినవాడిది, కాదన్నవాడు ప్రమాణం చేస్తే సరిపోతుంది అనే సూత్రం ఆ న్యాయవ్యవస్థకు మూలస్తంభం. ఒక స్త్రీ శీలంపై నింద వేసి నలుగురు సాక్షులను తేలేకపోయినవారికి ఖురాను 80 కొరడా దెబ్బల శిక్ష చెప్పడం కూడా ఇదే దృష్టికి నిదర్శనం. నింద వేయడమే ఒక పెద్ద పని, దాని బరువును వేసినవారే మోయాలి.

హిందూ ధర్మశాస్త్రాల దృష్టి దీనికి దూరమైనది కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలోని వ్యవహారాధ్యాయం ప్రకారం, స్మృతికి, ఆచారానికి విరుద్ధంగా ఇతరుల వల్ల బాధపడినవాడు రాజుకు విన్నవించుకుంటేనే వ్యవహారం, అంటే న్యాయవిచారణ, పుడుతుంది. రాజు గాని, రాజపురుషుడు గాని తనంతట తాను వ్యాజ్యం పుట్టించరాదని మనుస్మృతి చెబుతుంది. విచారణకు నాలుగు పాదాలు: వాది చెప్పే భాష, ప్రతివాది ఇచ్చే ఉత్తరం, సాధనాలను చూపే క్రియ, చివరకు తేలే సిద్ధి. తనపై వచ్చిన అభియోగం నుంచి బయటపడకుండా ఎదురు అభియోగం చేయకూడదని యాజ్ఞవల్క్యుడు నియమం పెట్టి, కలహాలలోను, సాహసాలు అనిపించుకునే హింసాకృత్యాలలోను మాత్రం మినహాయింపు ఇచ్చాడు. అబద్ధపు అభియోగం చేసినవాడు తాను కోరిన సొమ్ముకు రెట్టింపు చెల్లించాలని కూడా విధించాడు. ఈ స్మృతికి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర అనే వ్యాఖ్య దేశంలో చాలాచోట్ల ప్రమాణమైంది. 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన మూలఘటిక కేతన దానిని ‘విజ్ఞానేశ్వరీయం’ పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దశకుమారుల కథను, తెలుగు వ్యాకరణాన్ని తెలుగులో చెప్పిన కవే న్యాయశాస్త్రాన్ని కూడా చెప్పాడంటే, అభియోగం ఎవరు చేయాలి, ఎలా చేయాలి, తప్పయితే ఏమవుతుంది అన్నవి తెలుగులో చర్చించదగిన విషయాలని ఆనాటివారు భావించారన్నమాట. ఈ గ్రంథానికి తెలుగు సాహిత్యచరిత్రల్లో దక్కిన చోటు దాని విలువకు చాలదు.

అరబీ, పారశీక న్యాయపరిభాష తెలుగు నేలకు ఒక్కసారిగా రాలేదు. బహమనీల, కుతుబ్ షాహీల పాలనలోను, ఆ తరువాత మొగలుల, అసఫ్ జాహీల పాలనలోను కచేరీ వ్యవహారం పారశీకంలో సాగింది. గోలకొండ సుల్తానుల ఫర్మానాలలో పారశీకం పక్కన తెలుగు కూడా ఉన్నవి కొన్ని దొరుకుతాయి. అలా పక్కపక్కన నడిచిన రెండు భాషల మధ్య మాటలు ధారాళంగా మారాయి. దావా, వకీలు, వకాల్తా, జామీను, రుజువు, హాజరు, నకలు, దస్తావేజు, వాయిదా, జప్తు, ఖైదు ఇలా తెలుగయ్యాయి; సాక్షి మాత్రం సంస్కృతం నుంచి, తీర్పు మాత్రం అచ్చతెలుగు నుంచి నిలిచాయి. మచిలీపట్నం, రాజమహేంద్రవరం, కడప వంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం 1802 నాటి రెగ్యులేషన్ల తరువాత జిల్లా కోర్టులు పెట్టినప్పుడు, ఆ కోర్టులకు కొత్త భాషను సృష్టించవలసిన అవసరం రాలేదు. అమలులో ఉన్న కచేరీ భాషే చాలింది. పైగా మద్రాసు రాజధానిలో శిక్షాన్యాయం 19వ శతాబ్దం మధ్య దాకా, కంపెనీ చేసిన మార్పులతోనే అయినా, ఇస్లామీయ ధర్మం మీదే ఆధారపడి ఉంది. ఫౌజుదారీ అదాలతులో ఖాజీలు, ముఫ్తీలు ధర్మనిర్ణయం చెప్పేవారు. హనఫీ ధర్మగ్రంథమైన ‘హిదాయా’ను చార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లిషులోకి తెచ్చింది కంపెనీ న్యాయాధికారుల ఉపయోగం కోసమే. కాబట్టి ముద్దఈ అనే మాట ఆస్తి తగాదాలకే పరిమితం కాక, హత్య, దెబ్బలాట వంటి వ్యవహారాలలోనూ సహజంగా వినిపించేది. ఆ ధర్మంలో హత్యకు ప్రతీకారం గాని, పరిహారం గాని కోరవలసినవారు చనిపోయినవారి వారసులే కనుక, వారు కూడా ముద్దఈలే.

ఈ కచేరీ మాటలకు విలువనిచ్చిన తొలి నిఘంటుకర్తలలో సి.పి. బ్రౌన్ ముఖ్యుడు. రెవెన్యూ, న్యాయశాఖలలో పనిచేసి, మద్రాసు ప్రభుత్వానికి పారశీక అనువాదకుడుగా కూడా ఉన్న బ్రౌనుకు కాగితాలలోని తెలుగుకు, కావ్యాలలోని తెలుగుకు మధ్య దూరం బాగా తెలుసు. తన పెద్ద నిఘంటువుతో తృప్తిపడకుండా 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును విడిగా వెలువరించడానికి కారణం ఇదే. పండితులు అన్యదేశ్యాలని పక్కన పెట్టిన మాటలే రైతుకు, వర్తకుడికి, ఖైదీకి జీవన్మరణాల మాటలని గుర్తించి, వాటికి నిఘంటు గౌరవం ఇచ్చిన ఆ పని తెలుగువారు కృతజ్ఞతతో తలచుకోవలసినది. 1855లో హెచ్.హెచ్. విల్సన్ లండనులో ప్రకటించిన న్యాయ, రెవెన్యూ పదకోశం కూడా భారతీయ భాషల కచేరీ మాటలను ఒకచోట చేర్చింది.

ఇక మాట పక్షం మారడానికి కారణాల్లో మొదటిది ధ్వనికి సంబంధించినది. అరబీలోని ఐన్ అనే గొంతు హల్లు తెలుగులో నిలవదు. అది లోపించినచోట తరచుగా పక్క అచ్చు సాగుతుంది. తఅల్లుఖ్‌కు చెందిన మాట తాలూకా అయింది, ముఆఫీ మాఫీ అయింది. అదే దారిలో ముద్దఈ ముద్దాయి అయింది. ముద్దఆ అలైహి సైతం జనం నోట పొట్టిదై ముద్దాలై, ముద్దాలే వంటి రూపాలలో నలిగింది. ఉర్దూ, హిందీ మాట్లాడేవారి నోట ఇప్పటికీ అది ముద్దాలేహే. ఒకే కాగితంలో, ఒకే గుమాస్తా గొంతులో, పక్కపక్కన వినిపించే ముద్దాయి, ముద్దాలే అనే రెండు మాటలలో ఏది ఎవరిదో తెలుగు రైతు చెవి ఎలా పట్టుకోగలదు? వాది, ప్రతివాది అనే జంటకు ఈ చిక్కు రాలేదు. ‘ప్రతి’ అనే ఉపసర్గ అర్థం తెలిసిన ప్రతివారికీ రెండవ మాట ఎదుటివాడిదని తెలుస్తుంది కాబట్టి, ఆ జంట ఈనాటికీ సివిలు వ్యాజ్యాలలో చెక్కుచెదరకుండా ఉంది. లోపలి అర్థం కనిపించని మాటలే దారి తప్పుతాయి.

రెండవ కారణం చట్టానికి సంబంధించినది, ఈ ఉపన్యాసం దృష్టిలో ఇదే బలమైనది. 1860లో తయారై 1862 జనవరి 1 నుంచి అమలైన భారతీయ శిక్షాస్మృతితో నేరం ప్రభుత్వంపై జరిగిన అపరాధం అయింది. హత్యకేసులో కోర్టు ముందు నిలిచి అడిగేది చనిపోయినవారి కొడుకు కాక సర్కారు అయింది; ఆ కొడుకు సాక్షిగా మిగిలాడు, లేదా మొదట మొరపెట్టుకున్న ఫిర్యాదిగా మిగిలాడు. అంటే క్రిమినలు కేసులో ముద్దఈ అనిపించుకునే మనిషే లేకుండా పోయాడు. కుర్చీ ఖాళీ అయింది గాని, దాని పేరు జనం నోట మిగిలింది; కోర్టు అంటే చేతికి బేడీలతో నిలబడ్డ ఒక మనిషి మాత్రమే కంటికి కనిపించే చోట, ఆ పేరు వెళ్లి ఆ కనిపించే మనిషికి అంటుకుంది. నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. అక్కడ 1948 దాకా కోర్టుల భాష ఉర్దూ కావడం వల్ల ముద్దఈ అంటే వాది, ముల్జిం అంటే నేరం మోపబడినవాడు అనే తేడా వకీళ్లకు, గుమాస్తాలకు స్పష్టంగా ఉండేది. ‘ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్’ అనే ఉర్దూ సామెత ఆ పాత అర్థాన్ని భద్రంగా దాచింది: దావా వేసినవాడు మందకొడిగా ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడట. ముద్దఈ అంటే నిందితుడని అనుకునే తెలుగువాడికి ఈ సామెత తలాతోకా లేనిదిగా తోస్తుంది. హిందీలో సైతం ఆ మాట ఊరకే ఉండక శత్రువు అనే అర్థం వైపు కొంత జరిగింది. అయినా తెలుగులో జరిగినంత పూర్తిగా తిరగబడలేదు.

న్యాయానికి చెందిన మాటలు ఇలా తిరగబడడం తెలుగులో కొత్త కాదు. తగవు అనే అచ్చతెలుగు మాట తగు అనే ధాతువు నుంచి పుట్టి, పాత సాహిత్యంలో తగినది, న్యాయమైనది అనే అర్థంలో ఉండేది. న్యాయం చెప్పే మధ్యవర్తి తగవరి. తగవు తీర్చడానికి పెద్దమనుషుల ముందుకు వచ్చేది ఎప్పుడూ జగడమే కావడం వల్ల, జగడాన్ని చక్కబెట్టే న్యాయం పేరు క్రమంగా జగడానికే పేరైంది. ఈనాడు తగవులమారి అంటే న్యాయమూర్తి అని ఎవరూ అనుకోరు. పితూరీ చరిత్ర ఇంకొక తీరుది: అది అలజడి, తిరుగుబాటు అనే అర్థంతో వచ్చిన అన్యదేశ్యం, 1879–80 నాటి రంప తిరుగుబాటును, 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటాన్ని పితూరీలనే పిలిచారు. ఈనాడు పితూరీ చెప్పడమంటే పై అధికారి చెవిలో తోటివాడిపై చాడీ చెప్పడం. ఫిర్యాదు పారశీకంలో ఆర్తనాదం, రక్షించమనే కేక. తెలుగులో అది కాగితంపై రాసి, రసీదు తీసుకునే అర్జీగా చల్లబడింది. ఈ మార్పు తెలుగుకే పరిమితం కూడా కాదు. రిజర్వేషన్ల ఫారాలలో రోజూ రాసే కేటగిరీ అనే మాటకు మూలమైన గ్రీకు మాట, ప్రజాసభలో ఒకరికి వ్యతిరేకంగా మాట్లాడి నేరం మోపడమనే అర్థం కలది; ఒకరి గురించి ఏదో ఒకటి చెప్పడం అనే విశాలమైన అర్థంలోకి అరిస్టాటిల్ దానిని మళ్లించాక అది తర్కశాస్త్రపు మాటయింది.

ముద్దాయి విషయంలో పోయినది ఒక అర్థం మాత్రమే అయితే ఇంత చర్చ అక్కరలేదు. నేరం మోపేవారి ఉనికే మాటలోంచి తొలగిపోయింది. దీని తీవ్రత తెలియాలంటే భాద్రపద శుద్ధ చవితినాడు తెలుగు ఇళ్లలో అక్షింతలు చేతబట్టుకుని వినే శమంతకమణి కథను న్యాయదృష్టితో చదవాలి. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు వెళ్లి తిరిగిరాలేదు. మణిని అంతకుముందు కృష్ణుడు అడిగి ఉన్నాడు కనుక కృష్ణుడే చంపించి ఉంటాడని సత్రాజిత్తు అన్నాడు, ఊరు చెవులు కొరుక్కుంది. సత్రాజిత్తు ఒక్క సాక్షిని చూపలేదు, చూపమని అడిగినవారూ లేరు. నింద పడిన కృష్ణుడే పురజనులను వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ప్రసేనుడి శవాన్ని, గుర్రం శవాన్ని, సింహపు అడుగులను, చచ్చిన సింహాన్ని, ఎలుగు అడుగులను వరుసగా వారికి చూపించాడు. గుహలో జాంబవంతునితో 28 రోజులు పోరాడి, మణిని తెచ్చి, రాజసమక్షంలో సభకు సత్రాజిత్తును పిలిపించి అప్పగించాడు. వెంట వెళ్లిన పురజనులు పంచాయతీదార్ల వంటివారు, అడుగుజాడలు భౌతిక సాక్ష్యం, సభ న్యాయస్థానం. ఇంత పకడ్బందీ విచారణలో రుజువు భారం మొత్తం నింద పడినవాడే మోశాడు. నీలాపనింద అనే మాట ఈ కథతో ముడిపడి తెలుగువారి నాలుకలపై నిలిచింది. నింద అబద్ధం కావచ్చునన్న ఎరుకను ఆ మాట భద్రపరిచింది. నిరపరాధి అయినా రుజువు తానే వెతుక్కోవాలన్న లోకరీతిని ఆ కథ భద్రపరిచింది. సత్రాజిత్తు సిగ్గుపడి కూతురు సత్యభామను ఇచ్చి పెళ్లి చేశాడు గాని, యాజ్ఞవల్క్యుడు చెప్పిన రెట్టింపు దండుగ అతడిపై పడలేదు.

ఈనాటి వాడుకలో ముద్దాయి అనే మాట నిందితుడి దగ్గర కూడా ఆగకుండా దోషి వైపు నడుస్తోంది. అనుమానితుడు, నిందితుడు, దోషి అనే మూడు మాటలు మూడు దశలు: పోలీసుల దృష్టి పడినవాడు, అభియోగం ఎదుర్కొంటున్నవాడు, విచారణ ముగిసి నేరం రుజువైనవాడు. ఏ-1 ముద్దాయి, ఏ-2 ముద్దాయి అని వార్త రాసేటప్పుడు ఆ మాట నిందితుడికి బదులుగా పనిచేస్తుంది. రాజకీయ సభల్లో ‘అసలు ముద్దాయి ఫలానావారే’ అన్నప్పుడు మాత్రం అది దోషికి బదులుగా పనిచేస్తుంది. అక్కడ విచారణ జరిగిపోయిందనే ధ్వని ఉంటుంది. ఒకే మాట ఒకే పేజీలో ఈ రెండు దశలకూ చెల్లుబాటు కావడం ప్రమాదకరం. అరెస్టయి, రెండేళ్ల తరువాత నిర్దోషిగా విడుదలైన మనిషి ఊరికి వచ్చినప్పుడు, మొదటి రోజు వార్తలోని ముద్దాయి అనే మాటే అతడి కన్నా ముందు ఊరు చేరి ఉంటుంది. నిందితుడు అనే మాటలో నింద ఉన్నప్పటికీ, నింద నిజమో కాదో తేలలేదన్న సందు ఉంది. అపనింద, నీలాపనింద అనే చుట్టపు మాటలు ఆ సందును తెరిచే ఉంచుతాయి. ముద్దాయికి తెలుగులో అటువంటి చుట్టాలు లేరు. పత్రికలు, ప్రసారసాధనాలు విచారణ ముగిసేవరకు నిందితుడనే మాటకే కట్టుబడడం న్యాయం. వాడుకలో శతాబ్దానికి పైగా స్థిరపడ్డ ముద్దాయిని భాష నుంచి వెళ్లగొట్టడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. పాత అర్థమే అసలైనదని పట్టుబట్టడం భాషాచరిత్రను తెలియనితనం అవుతుంది.

చేయవలసిన పని ఇంకొకటి ఉంది. తెలుగులో భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయానికి 1962లో, చేనేతకు 1971లో వెలువడింది. ఊరూరా తిరిగి, పనిచేసేవారి నోటి నుంచే మాటలను ఏరిన ఆ పద్ధతి కోర్టు తెలుగుకు కూడా కావాలి. వకీలు గుమాస్తాలు, దస్తావేజు లేఖకులు, అమీనాలు, కోర్టు జవాన్లు, జైలులో పనిచేసేవారు వాడే మాటలను ప్రాంతాలవారీగా సేకరించాలి. దానికి తోడు 1802 తరువాతి జిల్లా కోర్టు కాగితాలలోని తెలుగు అర్జీలను, వాంగ్మూలాలను, తీర్పుల అనువాదాలను సంవత్సరాలవారీగా పరిశీలించాలి. ముద్దాయి అనే మాట ఏ జిల్లాలో, ఏ దశాబ్దపు కాగితంలో మొదటిసారి నేరం మోపబడినవాడి పక్కన కనిపిస్తుందో, అదే దస్తరంలో ఫిర్యాది అనే మాట ఎప్పుడు తలెత్తుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే, 1862కు ముందూ వెనుకా జరిగిన చట్టపు మార్పుకు, మాట మార్పుకు మధ్య ఇక్కడ ప్రతిపాదించిన సంబంధం నిలుస్తుందో లేదో తేలుతుంది. ఆ కాగితాలు చెదలు తినకముందే రికార్డు గదులలో ఆ పని మొదలు కావాలి.